జాబితాలో పేరున్న బిల్లు సభ దాకా ఎందుకు రాదు?

రాత్రిషిఫ్ట్:

వార్తల డెస్క్‌లో పని నాది. ఏజెన్సీ నుంచి వచ్చినదాన్ని తెలుగు చేసి, శీర్షిక పెట్టి, పేజీలోకి తోసేయడం. చాన్నాళ్లుగా ఒక విషయం మింగుడుపడటం లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారని అడుగుతున్నా.

2021 నవంబరులో భారత పార్లమెంటు శీతాకాల సమావేశాల ముందు 26 బిల్లుల జాబితా బయటికొచ్చింది. అందులో క్రిప్టోకరెన్సీ బిల్లు ఉంది. ఆ రాత్రి శీర్షిక నాదే: 'క్రిప్టోకు కళ్లెం, ఈ సమావేశాల్లోనే'. పేజీకి పై భాగంలో, పెద్దక్షరాల్లో. సమావేశాలు అయిపోయాయి, బిల్లు రాలేదు. పాత పేజీలు తిరగేస్తే అదే ఏడాది బడ్జెట్ సమావేశాల జాబితాలోనూ అది కనిపించింది. అప్పుడూ రాలేదు. మా ఇన్‌ఛార్జి గారు పెద్దగా ఏమీ అనలేదు. "పెళ్లిచూపులు అవగానే పెళ్లయిపోయిందని రాశారు" అని ఊరుకున్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

తమాషా ఏమిటంటే, అదే జాబితాలో ఉన్న సాగు చట్టాల రద్దు బిల్లు మొదటి రోజే, నవంబరు 29న, రెండు సభల్లోనూ పాసైపోయింది. ఒకటేమో పొద్దున బయల్దేరి సాయంత్రానికి గమ్యం చేరింది. ఇంకోటి గుమ్మం కూడా ఎక్కలేదు.

బ్రిటన్ వార్తలు కూడా నేనే చూస్తాను. అక్కడా ఇదే వరస. 2024 జులైలో రాజు ప్రసంగంలో, అంటే ప్రభుత్వం తేబోయే బిల్లుల్ని సమావేశాల ఆరంభంలో రాజు చదివే ప్రసంగంలో, దాదాపు 40 బిల్లులు చెప్పారు. అన్నీ ఒకేసారి రావని ఈపాటికి నాకూ తెలిసొచ్చింది. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది ఎవరు తేలుస్తారు? ఏ తూకంతో? అసలు తీసుకురాని బిల్లుని జాబితాలో ఎందుకు పెడతారు? 'రాజకీయం' అని ఒక్క మాటలో తేల్చేయకండి, ఆ మాట నేనూ రాయగలను. లోపల పని ఎలా జరుగుతుందో కావాలి.


పాతముసాయిదా:

ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ బిల్లుల ముసాయిదాలు రాసి రిటైరైనవాణ్ణి. ఏ ప్రభుత్వం, ఏ ఆఫీసు అని అడక్కండి, చెప్పను. సర్వీసులో ఉండగా శిక్షణల పేరుతో నాలుగైదు దేశాల పద్ధతులు చదివే అవకాశం దొరికింది, కాబట్టి అక్కడక్కడా వాటి గురించీ చెబుతాను. కాస్త పొడుగవుతుంది.

ప్రభుత్వాల దగ్గర ఆలోచనలకు కరువు లేదు. ప్రతి మంత్రికీ తన పేరు మీద ఒక చట్టం ఉండాలని ఉంటుంది. మెజారిటీ ఉన్నచోట ఓట్లకూ కరువు లేదు. నిజమైన కరువు రెండింటికి. ఒకటి సభలో గంటలు, రెండోది రాసే చేతులు. బయటివాళ్లకు మొదటిది కొంత తెలుసు, రెండోది బొత్తిగా తెలియదు. బిల్లుని మంత్రి రాయడు, శాఖలో నిపుణులూ రాయరు. వాళ్లు ఏం కావాలో చెబుతారు. చట్టం భాషలో కూర్చేవాళ్లు వేరే ఉంటారు, ఏ దేశంలో చూసినా పిడికెడు మంది. లండన్‌లో ఈ పని కోసం 1869లోనే ప్రత్యేక కార్యాలయం పెట్టారు. ఢిల్లీలో న్యాయశాఖ కింద లెజిస్లేటివ్ డిపార్ట్‌మెంట్ ఉంది. శాఖలన్నీ ఆ కొద్దిమంది బల్లల ముందు క్యూ కట్టాలి. అందుకే మీరడిగిన 'ఏది ముందు' అన్న ప్రశ్న సభలో మొదలవదు, అంతకు ఏడాది ముందు ఆ బల్ల దగ్గర మొదలవుతుంది.

బ్రిటన్‌లో దీన్ని బాహాటంగానే ఒక పోటీలా నడుపుతారు. పార్లమెంటరీ బిజినెస్ అండ్ లెజిస్లేషన్ కమిటీ అని మంత్రివర్గంలో ఒక కమిటీ ఉంది. రాబోయే సమావేశాల కోసం ప్రతి శాఖా దాని ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ చట్టం లేకపోతే పని ఆగుతుందా, ఉన్న చట్టం కిందే నిబంధనలు మార్చుకుంటే సరిపోదా, ప్రభుత్వం జనానికి ఇచ్చిన మాటల్లో ఇది ఉందా, విధానం ఎంతవరకు తేలింది, ముసాయిదాని ముందే బయటపెట్టి అభిప్రాయాలు అడిగారా, వీటన్నిటికీ అందులో జవాబివ్వాలి. ఎన్ని క్లాజులు, అంటే విడివిడి నిబంధనలు, అవుతాయో, ఎక్కడ గొడవ రావచ్చో కూడా రాయాలి. కమిటీ ఊ అంటే తప్ప ముసాయిదా రాసేవాళ్లు కలం ముట్టరు. ఈ అనుమతి దొరకడమే సగం యుద్ధం. రాయడం పూర్తయ్యాక, సభలో పెట్టే ముందు, అదే కమిటీ మరోసారి చూస్తుంది. వివరణ పత్రాలు, ఖర్చూ ప్రభావాల అంచనా, మానవ హక్కుల చట్టానికి తగ్గట్టుందా లేదా అన్న నోటు, మంత్రులకు కట్టబెడుతున్న, నిబంధనలు చేసే అధికారాల నోటు, ఇవన్నీ చేతికొచ్చాయా అని. ఒకటి తక్కువైనా వెనక్కి. రాజు ప్రసంగంలో పేరు వినపడ్డాక కూడా బిల్లు నెలల తరబడి రాకపోవడానికి సగం కారణం ఇదే.

ఆస్ట్రేలియా వాళ్లు అక్షరాలు పెట్టుకున్నారు. 'టి' అంటే ప్రవేశపెట్టిన సమావేశాల్లోనే పాసవ్వాలి, 'ఎ' అంటే ఈ సమావేశాల్లో ప్రవేశపెట్టాలి, తర్వాత 'బి', 'సి'. ముసాయిదా రాసేవాళ్ల సమయం కూడా ఆ అక్షరం ప్రకారమే పంచుతారు. న్యూజిలాండ్‌లో అంకెలు. ఏటా శాఖలు దరఖాస్తు చేస్తాయి, 1 అంటే చట్టపరంగా పాస్ చేయక తప్పనిది, 2 అంటే ఆ ఏడాదిలో పాసవాల్సింది, అంకె పెరిగినకొద్దీ ఆశ తగ్గుతుంది. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. 'మీ బిల్లు ముఖ్యమైనదే గానీ' అని మంత్రిని బుజ్జగించే పని తప్పుతుంది, అంకె చూపిస్తే చాలు.

ఢిల్లీలో ఈ అంకెలూ అక్షరాలూ బయటికి కనబడవు. సమావేశాల ముందు పార్లమెంటరీ వ్యవహారాల శాఖ అన్ని శాఖలకూ లేఖ రాస్తుంది, మీ దగ్గర ఏమున్నాయి అని. వచ్చినవాటిని కూర్చి జాబితా చేస్తారు. పార్లమెంటరీ వ్యవహారాల కేబినెట్ కమిటీ ఒకటి ఉంది, సమావేశాల తేదీలు, సభలో ప్రభుత్వ పని అది చూస్తుంది. మీరు పట్టుకోవాల్సిన మెలిక ఒకటుంది. ఆ జాబితాలో ఉన్న ప్రతి బిల్లుకీ అప్పటికే కేబినెట్ ఆమోదం ఉండాలనేం లేదు. ముసాయిదా ఇంకా శాఖల మధ్య తిరుగుతుండగానే పేరు జాబితాకెక్కిపోతుంది. శాఖ అనుకునేది ఒకటే: పేరు లేకపోతే చోటు పోతుంది, ఉంటే పోయేదేముంది. రైలు టికెట్ లాంటిదే, ప్రయాణం ఖాయమో కాదో తర్వాత సంగతి, ముందు బుక్ చేసి పెట్టుకుంటాం కదా. మీరు శీర్షిక పెట్టింది ఆ రిజర్వేషన్ చార్టు చూసి.

ఇక తూకం. చాలామంది 'ముఖ్యమైన బిల్లు ముందు వస్తుంది' అనుకుంటారు. నా సర్వీసులో ముఖ్యమైన బిల్లులు వెనకపడటం చూసినంత ఇంకేదీ చూడలేదు. గడువు ఉన్న బిల్లుదే రాజ్యం. తేదీ దాటితే ఏదో ఒకటి ఆగిపోయే బిల్లు ముందుంటుంది. మిగతావన్నీ మిగిలిన గంటల్లో సర్దుకోవాలి.

పన్నుల బిల్లు తీసుకోండి. భారతదేశంలో బడ్జెట్ రోజున ప్రకటించిన కొన్ని సుంకాల్ని చట్టం కాకముందే వసూలు చేయొచ్చు, కానీ ఆ వీలు 75 రోజులే. దాన్ని ఆపే ప్రభుత్వం ఉండదు. ఆర్డినెన్స్ సంగతీ అంతే. పార్లమెంటు తిరిగి కూర్చున్న ఆరు వారాలకు దానంతటదే చచ్చిపోతుంది, కాబట్టి దాని బదులు బిల్లు సమావేశాల మొదట్లోనే పెట్టాలి. కొన్ని శాఖలు ఆర్డినెన్స్ కోసం పడిగాపులు పడేదీ ఇందుకే. ఒక్కసారి అది వచ్చిందంటే మీ బిల్లుకి గడువు పుట్టినట్టే, క్యూ దాటేసినట్టే. బ్రిటన్‌లో అయితే శాంతి సమయంలో పార్లమెంటు ఒప్పుకోకుండా సైన్యాన్ని ఉంచకూడదని 1689 హక్కుల బిల్లులో ఉంది. దాని కొనసాగింపుగా ఈనాటికీ ఐదేళ్లకోసారి సాయుధ దళాల చట్టం చేసుకోవాల్సిందే. 2006, 2011, 2016, 2021. ఆ ఏడాది ఎవరు ప్రధాని, ఏ పార్టీ, ఏమీ లెక్క లేదు. మూడొందల ఏళ్ల కిందట ఎవరో పెట్టిన గడువు ఇప్పటికీ సభలో గంటలు తినేస్తోంది.

గడువు లేనివాటిలో ఏది నెగ్గుతుంది? సిద్ధంగా ఉన్నది. నా సొంత అనుభవం చెబుతాను. ఒక శాఖ కోసం పధ్నాలుగు నెలలు కూర్చుని ఒక బిల్లు రాశాను. అరవై పైచిలుకు క్లాజులు. మంత్రి గారు ప్రతి సభలోనూ దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగారు. అయితే లైసెన్సు ఎవరివ్వాలి అన్న ఒక్క చోట రెండు శాఖలు తెగని పేచీ పెట్టుకున్నాయి. ఆ ఒక్క క్లాజు పదకొండు రకాలుగా రాశాను. ఈలోగా పక్క శాఖ నుంచి నాలుగు క్లాజుల సవరణ బిల్లొకటి వచ్చింది. ఎవరికీ ఉత్సాహం లేదు, ఎవరికీ అభ్యంతరమూ లేదు. అది సభలో గంటన్నరలో అయిపోయింది. నాది ఆ సమావేశాలకు రాలేదు, తర్వాతవాటికీ రాలేదు, ఎన్నికలొచ్చాయి. కొత్త ప్రభుత్వం దాని పేరు కూడా తలవలేదు. మూడేళ్ల తర్వాత అందులోంచి రెండు క్లాజులు వేరే బిల్లులో తేలాయి, కామాలతో సహా నావే. రిటైర్మెంట్ రోజు కూడా అంత సంతోషపడలేదు.

ఆ చిన్న బిల్లుల గురించి కూడా ఒక మాట. సభ నడిపించేవాళ్లకు పెద్ద బిల్లులతో పాటు జేబులో చిల్లర కూడా కావాలి. పెద్ద బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లిపోయిందనుకోండి, ప్రతిపక్షం అనుకున్నదానికంటే తొందరగా మాట్లాడటం ముగించిందనుకోండి, మధ్యాహ్నం మూడు గంటలు ఖాళీ. అప్పుడు కాలం చెల్లిన చట్టాల రద్దు బిల్లో, పేరు మార్పు బిల్లో బయటికి తీస్తారు. 'ఇంత పెద్ద సమస్యలుండగా ఈ చిన్న బిల్లా' అని పత్రికలు రాస్తుంటాయి. పెద్దదాన్ని తోసేసి అది రాలేదండీ, పెద్దది వదిలిన ఖాళీలోకి వచ్చింది.

ఇంకో రకం జనం ఉన్నారు, సంచులు తగిలించేవాళ్లు. సొంత బిల్లుకి చోటు దొరకని శాఖ, చోటు దొరికిన శాఖ దగ్గరికెళ్లి 'మీ బిల్లులో మాది ఒక్క క్లాజు పెట్టండి' అంటుంది. ఒకళ్లు ఒప్పుకుంటే పదిమంది వస్తారు. బండి కదిలేసరికి చక్రాలు కనపడవు, అన్నీ సంచులే. అందుకే ముసాయిదా రాసేవాళ్లం బిల్లు పూర్తి పేరు రాసేటప్పుడు చాలా పిసినారిగా ఉంటాం. పేరు ఎంత వెడల్పుగా ఉంటే అన్ని సంచులు పడతాయి.


గ్యాలరీసీటు:

పాతముసాయిదా గారూ, చాలా తెలిసింది, నమస్కారం. కానీ మీరు కిందినుంచి చూసి చెబుతున్నారు. నేను పైనుంచి, అంటే ప్రేక్షకుల గ్యాలరీ నుంచి ఏళ్ల తరబడి చూసినవాణ్ణి. గడువు, తయారీ, గంటలు అంటుంటే ఏదో రైల్వే టైంటేబుల్ లాగా ఉంది వ్యవహారం. మహిళా రిజర్వేషన్ల బిల్లుకి ఈ లెక్క ఎలా సరిపోతుందో చెప్పండి.

మొదటిసారి ప్రవేశపెట్టింది 1996 సెప్టెంబరులో. ఆ తర్వాత మళ్లీ మళ్లీ పెట్టారు, లోక్‌సభ రద్దయినప్పుడల్లా మురిగిపోయింది. 2008లో తెలివిగా రాజ్యసభలో పెట్టారు, ఎందుకంటే అక్కడ పెట్టింది, ఆ సభ పాస్ చేసి లోక్‌సభకు పంపేదాకా, లోక్‌సభ రద్దుతో పోదు. 2010 మార్చి 9న రాజ్యసభ పాస్ చేసింది కూడా. ముసాయిదా సిద్ధం, ఒక సభ ఆమోదం సిద్ధం. అయినా నాలుగేళ్లు లోక్‌సభ గుమ్మంలో నిలబెట్టి, 2014లో చంపేశారు. మళ్లీ 2023లో కొత్త బిల్లు సెప్టెంబరు 19న పెట్టి, 20న లోక్‌సభలో 454-2తో, 21న రాజ్యసభలో 214-0తో పాస్ చేశారు. ఇరవై ఏడేళ్లలో కానిది మూడు రోజుల్లో ఎలా అయింది? రాసే చేతులు అప్పటికప్పుడు మొలిచాయా?

లోక్‌పాల్ చూడండి. మొదటి బిల్లు 1968లో, చట్టం 2013లో. ఆ మధ్యలో కలాలు ఎండిపోయాయా?

జీఎస్టీ రాజ్యాంగ సవరణ ఇంకో రకం. 2015 మేలో లోక్‌సభ దాటింది, రాజ్యసభ దాటేసరికి 2016 ఆగస్టు. అక్కడ ప్రభుత్వానికి బలం లేదు, బేరాలు తెమలాలి. 'మెజారిటీ ఉన్నచోట ఓట్లకు కరువు లేదు' అన్నారు మీరు. రెండో సభ ఉన్నచోట, కూటములున్నచోట కరువు ఓట్లకే. బిల్లుని సభలో పెట్టాలా వద్దా అన్నది తలలు లెక్కపెట్టాక తేల్చేది. ఓడిపోతామన్న బిల్లు ఎంత సిద్ధంగా ఉన్నా ఫైల్లోనే ఉంటుంది. రాత్రిషిఫ్ట్ గారు రాజకీయం అని చెప్పొద్దన్నారు గానీ, చెప్పక తప్పట్లేదు.


డబ్బామూత:

పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ప్రభుత్వం ఎంచుకోని బిల్లుల సంగతి ఎవరూ ఎత్తలేదు. న్యూజిలాండ్‌లో మామూలు సభ్యుల బిల్లుల్లో ఏది చర్చకు రావాలో లాటరీ తీస్తారు, అది కూడా ఒక పాత బిస్కెట్ డబ్బాలోంచి. అంకెలున్న బిళ్లలు వేసి చేయి పెట్టి తీయడమే. 2013లో అక్కడ స్వలింగ వివాహాల చట్టం అయింది ఈ డబ్బాలోంచి బయటపడ్డ బిల్లే. పైన సార్ చెప్పిన అంకెల వరసలు, కమిటీలు, దరఖాస్తులు ఏమీ లేవు, చేతికి తగలడమే.

బ్రిటన్‌లోనూ లాటరీయే. ప్రతి సమావేశాల్లో 20 మంది పేర్లు తీస్తారు. అక్కడ ఒక గమ్మత్తు ఉంది. పేరు వచ్చిన సభ్యుడి దగ్గర సొంత బిల్లు లేకపోతే ప్రభుత్వమే సిద్ధంగా రాసి ఉంచినదొకటి చేతిలో పెడుతుంది. తన వరసలో చోటు దొరకని చిన్న బిల్లుని అలా దొడ్డిదారిన పంపించేస్తుందన్నమాట.

భారతదేశంలో ప్రైవేటు సభ్యుల బిల్లులు స్వాతంత్ర్యం వచ్చాక చట్టమైనవి 14. ఆఖరిది 1970లో. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు ఇస్తారు వాటికి. 2015లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఒక సభ్యుడి బిల్లుని రాజ్యసభ పాస్ చేసింది. లోక్‌సభలో కాలేదు. 2019లో ప్రభుత్వం తన సొంత బిల్లుతో చట్టం చేసింది. అంటే సభ్యుడి బిల్లు గెలవకపోయినా ప్రభుత్వం జాబితాలోకి ఆ విషయాన్ని తోసిందనుకోవచ్చా?


పాతముసాయిదా:

డబ్బామూత గారూ, అనుకోవచ్చు. ఒక సభ ఒప్పుకున్నాక ఆ విషయాన్ని తెలియనట్టు నటించడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. బ్రిటన్ దొడ్డిదారి గురించి నేనే చెబుదామనుకుని మరిచిపోయాను.

గ్యాలరీసీటు గారూ, మీరన్నది కాదనను. రెండో సభ సంగతి నేను తేలిగ్గా దాటేశాను, తప్పే. తలల లెక్క లేకుండా ఏ బిల్లూ కదలదు. కానీ 2023 సంగతిని ముసాయిదా రాసేవాడి కళ్లతో ఒకసారి చూడండి. ఆ బిల్లు చాలా చిన్నది. అందులో ఒక నిబంధన ఉంది: చట్టం అమల్లోకి వచ్చాక జరిగే మొదటి జనగణన అంకెలు వెలువడి, వాటి మీద నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే రిజర్వేషన్లు మొదలవుతాయని. సభ్యుల సీట్లు పోయే రోజు ఎక్కడో దూరానికి వెళ్లిపోయింది. గొడవని ముందుకు జరిపే వాక్యం ఒకటి దొరికితే బిల్లు కాళ్లకు బంధం ఊడినట్టే. దాన్ని మీరు రాజకీయం అంటారు, నేను డ్రాఫ్టింగ్ అంటాను, ఇద్దరం ఒకే వాక్యాన్ని చూపిస్తున్నాం.

ఇంకోటి. గాలి ఎప్పుడు వీస్తుందో నాలాంటివాడికి తెలియదు, మీరన్నట్టు అది పైవాళ్ల చేతిలో ఉంది. వీచిన రోజున బల్ల మీద కాగితం లేకపోతే మాత్రం ఆ గాలి వృథా. 2024లో బ్రిటన్‌లో మే 22న ఎన్నికలు ప్రకటించారు, 24కల్లా పార్లమెంటు మూసేశారు. మధ్యలో ఉన్న ఆ కాస్త వ్యవధిలో, అన్ని పార్టీలూ మాట్లాడుకుని, దాదాపు చివరికొచ్చినవాటిని గట్టెక్కించారు. లీజు ఇళ్ల సంస్కరణ బిల్లు అలా చట్టమైంది. పొగాకు బిల్లు ప్రధానికి స్వయంగా ఇష్టమైనది, అది పోయింది. అద్దె ఇళ్ల బిల్లూ పోయింది. ప్రధాని ఇష్టపడటం ఒక్కటే చాలదని అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. పొగాకు బిల్లుని ఆ తర్వాత వచ్చిన వేరే పార్టీ ప్రభుత్వం మళ్లీ తీసుకొచ్చింది, 2024 నవంబరులో. రాసినవాళ్లు ఎక్కడో కూర్చుని నాలాగే కామాలు లెక్కపెట్టుకుని ఉంటారు.

వెనక్కి తీసుకోవడం కూడా ప్రాధాన్యమే. భారత వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు 2019 డిసెంబరులో వచ్చింది, సంయుక్త కమిటీకి వెళ్లింది, రెండేళ్ల తర్వాత నివేదిక వచ్చింది, 2022 ఆగస్టులో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది, సరిగ్గా ఏడాదికి పూర్తిగా తిరగరాసినది పెట్టి పది రోజుల్లోపే చట్టం చేసింది. పాతదానికి అతుకులు వేసుకుంటూ కూర్చుంటే సభలో ప్రతి క్లాజు దగ్గరా పేచీ వస్తుంది. కొత్తగా రాస్తే గంటలు మిగులుతాయి. మంచి చట్టమా కాదా అన్నది వేరే చర్చ, దానిలోకి నన్ను లాగకండి.


రాత్రిషిఫ్ట్:

అందరికీ థాంక్సండీ. రిజర్వేషన్ చార్టు మాట మా ఇన్‌ఛార్జి గారికి చెప్పాను, నవ్వారు. పాతముసాయిదా గారూ, ఒక్కటి చెప్పండి. రేపు మళ్లీ ఏజెన్సీ నుంచి జాబితా వస్తుంది. రాత్రి పదకొండింటికి, పేజీ వెళ్లడానికి నలభై నిమిషాలుండగా, ఏ బిల్లు నిజంగా వస్తుందో డెస్క్‌లో కూర్చుని నేను ఎలా పసిగట్టాలి?


పాతముసాయిదా:

పూర్తిగా పసిగట్టలేరండీ, మేమే పసిగట్టలేకపోయేవాళ్లం. అయితే కొన్ని ఆనవాళ్లుంటాయి.

కేబినెట్ ఆమోదించిందని ఎప్పుడైనా వార్త వచ్చిందా, మీ పాత పేజీల్లోనే వెతకండి. లేకపోతే ఆ బిల్లుని శీర్షికకెక్కించకండి. ముసాయిదా ప్రతి ఎవరికైనా అందిందా చూడండి. పేరు మాత్రమే ఉండి లోపలి పాఠం ఎవరూ చూడలేదంటే అది ఇంకా ఏ బల్ల మీదో ఉంది. ఆర్డినెన్స్ బదులు వచ్చేదైతే కళ్లు మూసుకుని రాయొచ్చు, అది వస్తుంది. ఒకే బిల్లు రెండు మూడు సమావేశాల జాబితాల్లో అదే పేరుతో కనబడిందంటే మాత్రం ఎక్కడో ఏదో క్లాజు దగ్గర ఇద్దరు కొట్టుకుంటున్నారని అర్థం. మీ క్రిప్టో బిల్లు రెండోసారి కనబడినప్పుడే అనుమానించాల్సింది.

సమావేశాలు మొదలయ్యాక జాబితాని పక్కన పడేయండి. బీఏసీ, అంటే సభలో ఏ పనికి ఎంత సమయమో చూసే సభా వ్యవహారాల సలహా కమిటీ, ఏ బిల్లుకి ఎన్ని గంటలు కేటాయించిందో అది చూడండి. గంటలు పడ్డ బిల్లు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఆ తర్వాత ముందు రోజు సాయంత్రం వచ్చే సభా కార్యక్రమ పట్టిక. అందులో ఉన్నా కూడా, సభ గొడవతో వాయిదా పడితే ఇంటికే. నా అరవై క్లాజుల బిల్లుకి ఇవేవీ పడలేదు, జాబితాలో మాత్రం నాలుగుసార్లు పడింది. మా ఆవిడ ఆ నాలుగు పేపర్ కటింగులూ దాచిపెట్టింది, ఇంకా ఉన్నాయి.


గ్యాలరీసీటు:

ఒక్కటి కలపండి సార్. అఖిలపక్షం అయ్యాక ప్రతిపక్షం వాళ్లు బయటికొచ్చి ఏ బిల్లుని పేరు పెట్టి తిడుతున్నారో చూడమనండి. లోపల ప్రభుత్వం గట్టిగా అడిగింది దాన్నే.


పాతముసాయిదా:

ఒప్పుకున్నాను. ఇది నాకు ఇరవై ఆరేళ్లలో తట్టలేదు.


రాత్రిషిఫ్ట్:

జాబితా వచ్చిందండీ, మొన్న రాత్రి. అన్నీ ముందు పెట్టుకుని ఒక్కో పేరూ పాత పేజీల్లో వెతికాను. ఏజెన్సీ వాడు పైకెత్తిన బిల్లుకి కేబినెట్ ఆమోదం వార్త ఎక్కడా దొరకలేదు. దాన్ని లోపలి పేరాలోకి దింపేసి, ఆర్డినెన్స్ బదులు వచ్చేదాన్ని శీర్షికకి తీసుకున్నాను. 'జాబితాలో' అన్న మాట కూడా శీర్షికలోనే పెట్టాను. ఇన్‌ఛార్జి గారు చూసి "మరీ చప్పగా ఉందే" అన్నారు. పదకొండూ ముప్పైఐదు అయింది అప్పటికి. అలాగే వెళ్లిపోయింది పేజీ.